కంతులు తప్పించిన కత్తి

"విధవ శవానికి డిటెక్టివెందుకండీ?" అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నరసింహం, ముక్కుకు అడ్డం పెట్టుకున్న జేబురుమాలు తియ్యకుండానే. "తల గొరిగి ఉంది. చేతులకు గాజుల్లేవు, మెళ్లో పుస్తెల్లేవు, కట్టింది తెల్ల చీర. బతుకు మీద విసుగు పుట్టి నాపరాళ్ల గుంటలో దూకింది. సాయంత్రానికి పూడ్పించేస్తాం. గుంటూరు నుంచి మీరొచ్చి చూడాల్సిందేముంది?"

గురజాల ఆస్పత్రి వెనక రేకుల కొట్టులో, వేపమండల మీద పడుకోబెట్టిన ఆ మనిషి తల దగ్గర వెంకట్రామయ్య గొంతుక్కూర్చున్నాడు. బుధవారం ఉదయం ఎనిమిదిన్నర అయింది. శవం బయటపడింది నిన్న సాయంత్రం నాలుగింటికి. నీళ్లలో రెండు రోజులు ఉందని డాక్టరు రాశాడు. గుంటలో తాబేళ్లున్నాయి. ముఖం గురించి అంతకంటే చెప్పుకోవలసింది లేదు.

"నేనొచ్చింది ఈమె కోసం కాదండీ" అన్నాడు వెంకట్రామయ్య. "మాచర్ల పత్తి వర్తకుడు చెన్నకేశవులు, భార్య మంగతాయారు కనబడటం లేదని శుక్రవారం ఫిర్యాదు ఇచ్చాడు. నేను వెతుకుతున్నది ఆమెను."

"అదే చెబుతున్నా. మంగతాయారు పుణ్యస్త్రీ. ఇరవై ఆరేళ్ల మనిషి, నడుము దాటిన జడ. దానికీ దీనికీ ఏంది సంబంధం? ఆమె పుట్టిల్లు ఈ ఊరే. నిన్న పొద్దుగూకక ముందే వాళ్లమ్మ మహాలక్ష్మమ్మ వచ్చి, గుమ్మంలో నిలబడి చూసి, మా పిల్ల కాదని చెప్పిపోయింది."

"మీరు పిలిపించారా ఆమెను?"

"లేదు. తనే వచ్చింది."

వెంకట్రామయ్య తల ఎత్తాడు. "గుంటలో విధవ శవం దొరికిందని ఊరంతా చెప్పుకుంటుంటే, జడ ఉన్న కూతురి తల్లి చూడటానికి ఎందుకొచ్చిందండీ?"

నరసింహం రుమాలును ముక్కుకు ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"ఈ తల మీరు చూశారా?"

"పొద్దున్నే విధవ తలకాయ ఏంది చూసేది?" అన్నాడు నరసింహం విసుగ్గా.

ఎవరూ చూడలేదు. పట్టుకొచ్చిన బంట్రోతులు చూడలేదు, పంచనామా మీద సంతకాలు పెట్టిన పెద్దమనుషులు చూడలేదు. వెంకట్రామయ్య చూశాడు. ఏళ్ల తరబడి గొరిగే తల రంగు నుదుటి రంగులో కలిసిపోతుంది. ఈ తలకూ ఈ మెడకూ పొంతన లేదు. మణికట్టు మీద గాజులు ఒరుసుకుని తేలిన నునుపు ఇంకా ఉంది. తలంతా కత్తి గాట్లు, లెక్కపెడితే పదిహేడు. పని తెలిసిన మంగలి అయితే ఒక్కటి పడుతుందేమో.

అప్పుడు వేళ్లకు తగిలాయి. ఒకటి కుడి చెవి వెనక, ఒకటి నడినెత్తికి కాస్త కింద, మూడోది మెడకు దగ్గరగా. గుండ్రటి కంతులు, ఉసిరిక కాయంతేసి. వాటి మీద జుట్టు మొలిచిన జాడ లేదు, చర్మం నున్నగా మెరుస్తోంది. చుట్టూ మాత్రం చిటికెనవేలి గోరంత వెడల్పున జుట్టు మొదళ్లు మిగిలిపోయాయి. పదిహేడు గాట్లలో ఒక్కటి కూడా ఆ కంతుల దరిదాపుల్లో లేదు.

వెంకట్రామయ్య చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కిందటి కార్తీకంలో అతని భార్యకు సన్నిపాత జ్వరం వచ్చింది. జుట్టు తీసెయ్యమన్నాడు డాక్టరు. పుణ్యస్త్రీ తల మీద కత్తి పెట్టనని మంగలి గుమ్మం ఎక్కలేదు. వెంకట్రామయ్యే గొరిగాడు. చాలా చోట్ల తెగింది. కణత పైన ఆమెకు చిన్నప్పటి కాలిన మచ్చ ఒకటి ఉండేది. అక్కడికి వచ్చేసరికి కత్తి దానంతటదే పక్కకు తప్పుకునేది. ఆ మచ్చ చుట్టూ జుట్టు అలాగే మిగిలిపోయింది. పదకొండో రోజున ఆమె ఆ తలతోనే వెళ్లిపోయింది.

"నర్సమ్మా, ఇవేమిటో చెప్పగలరా?" అని అడిగాడు.

ఆడవాళ్ల శవపరీక్షకు సాయం చెయ్యడానికి మిషన్ ఆస్పత్రి నుంచి వచ్చిన ఫిలోమినా, ముందుకు వంగి వేలితో తడిమింది. రెండో కంతి దగ్గర ఆమె ముఖం పాలిపోయింది.

"దేవా! ఈ తల నాకు తెలుసండీ. మూడు వారాల కిందట మా దగ్గరికి వచ్చింది. కొంగు తియ్యటానికి అరగంట సిగ్గుపడింది. పేరు మంగతాయారనే రాయించింది."

"ఏం రోగం?"

"రోగం కాదండీ. జుట్టు కుదురు దగ్గర చర్మం లోపల సంచిలాగా కట్టి, దాన్లో తెల్లటి ముద్ద పేరుకుంటుంది. పైన చర్మం సాగి జుట్టు ఊడిపోతుంది. నొప్పుండదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు, ప్రాణానికి భయం లేదు. తల్లికుంటే బిడ్డల్లో సగం మందికి వస్తుంది, అంతే. మా డాక్టరమ్మ గాటు పెట్టి నొక్కితే వెల్లుల్లి రెబ్బలాగా జారి వస్తుంది. ఆ పిల్ల అడిగింది ఒకటే మాట: ఇది కుష్టు కాదు, పెద్దరోగం కాదని కాయితం మీద రాసిస్తారా అని. డాక్టరమ్మ రాసిచ్చింది. దాన్ని కళ్లకద్దుకుని పోయిందండీ." ఫిలోమినా గొంతు సర్దుకుంది. "ఇంకోటి. పీక మీద బొటనవేళ్ల గుర్తులున్నాయి. ఆడదాని చేతులు కావు. గొరిగింది మాత్రం బతికుండగానే. గాట్లన్నీ పక్కు కట్టినయ్యి."

నరసింహం ఇప్పుడు రుమాలు తీశాడు. "అయితే ఇది మంగతాయారే. గొరిగినోడే చంపాడు."

"కాదు. గొరిగిన చేతికి పని రాదు, కానీ ఆ కంతులు ఎక్కడున్నాయో చూడకుండానే తెలుసు. జుట్టు కిందున్నవి అలా తెలియాలంటే ఏళ్ల తరబడి ఆ తలకు నూనె పెట్టి ఉండాలి. పీక నులిమిన చెయ్యి వేరు." వెంకట్రామయ్య లేచి నిలబడ్డాడు. "ఒక్క సాయం చెయ్యండి. నేను తల్లిని చూసి వచ్చేదాకా మాచర్లకు ఈ కబురు పోనియ్యకండి."

"ఇది నా సర్కిల్, వెంకట్రామయ్య గారూ. ఎవరికి కబురు పెట్టాలో నాకు తెలుసు."

"తెలియదనలేదు. ఆగమంటున్నాను."

నరసింహం నవ్వాడు. ఆ నవ్వు వెంకట్రామయ్యకు నచ్చలేదు. కాని గుంట చూడటానికి ఎండ ముదరక ముందే వెళ్లాలి.

*

ఆస్పత్రి ముందు దొరికిన జట్కా మౌలాలీది. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. తొమ్మిదిన్నరకు గుంట దగ్గర దించాడు.

గుంట ఊరి నుంచి స్టేషను దాటి మైలున్నర, మాచర్ల వైపు. యుద్ధం ముగిసిన దగ్గర్నుంచీ రాయి తియ్యడం ఆపేశారు. వెంకట్రామయ్య వచ్చేటప్పుడే లెక్కపెట్టాడు. ఊళ్లో నుంచి చావడానికి బయల్దేరిన మనిషి మూడు దిగుడు బావులు దాటి ఇక్కడికి రావాలి.

రాతిపొడిలో ఎడ్లబండి చక్రాల గాళ్లు రెండు, అంచు దాకా వచ్చి తిరిగి వెళ్లాయి. బండి మలిపిన చోట ఎండిపోయిన పేడ. పుల్లతో విడదీసి చూశాడు. నడుమ నలగని పత్తిగింజల పొట్టు. రాళ్లు తోలే బండెడ్లకు చొప్ప దొరకడమే కష్టం. పత్తిగింజలు మేపేది పత్తి వ్యాపారమున్న ఇళ్లలో. చెన్నకేశవులు నిన్న మాచర్లలో ఇచ్చిన వాంగ్మూలం జేబులోనే ఉంది: భార్య కనబడకుండా పోయిన దగ్గర్నుంచీ కొట్లోనే ఉన్నాను, ఊరు దాటలేదు.

వెనక నుంచి మౌలాలీ నెమ్మదిగా అడిగాడు. "సాబ్, ఆ దొరికినామె వయసులో ఉన్న మనిషేనా?"

"ఎందుకడిగావు?"

మౌలాలీ గుర్రం మెడ నిమిరాడు. "ఆదివారం పొద్దున ఆరుంబావుకు మహాలక్ష్మమ్మ గారి పెరటి గుమ్మం దగ్గర ఒకామెను ఎక్కించుకున్నా. తెల్ల చీర, తల మీద ముసుగు. ఎక్కేటప్పుడు కాళ్లు కనబడినయ్యి. గోళ్ల సందున పసుపు ఇంకా పోలేదు సాబ్. విధవరాలి కాళ్లు కావనుకున్నా. మనకెందుకులే అనుకున్నా."

"తరవాత?"

"రైలు గేటు దగ్గర ఎడ్లబండి ఎదురొచ్చింది. మాచర్ల చెన్నకేశవులు శెట్టిగారు. 'ఒరేయ్, ఎవర్రా లోపల?' అన్నారు. మహాలక్ష్మమ్మ గారింటి నుంచి ఎవరో విధవరాలమ్మ, గుంటూరు రైలుకు పోతావుంది అని చెప్పా. నేనేమన్నా అబద్ధం చెప్పానా సాబ్? ఉన్న మాటే చెప్పా." అతని చెయ్యి గుర్రం జూలులో చిక్కుకున్నట్టు నిలిచిపోయింది. "పొద్దున్నే విధవ ఎదురొస్తే మీవోళ్లు అందరూ మొహం తిప్పుకుంటారు. ఆయన తిప్పుకోలా. వంగి చూశాడు."

"రైలు ఎన్నింటికి వచ్చింది?"

"ఆరు యాభైకి రావాల. ఆ రోజు నలభై నిమిషాలు లేటు. గూడ్సు షెడ్డు వెనక ఎవరూ లేని చోట దించమంటే దించి వచ్చేశా."

నలభై నిమిషాలు. వెంకట్రామయ్య ఆ అంకెను పుస్తకంలో రాసుకున్నాడు.

"ఈ మూడు రోజులూ ఎందుకు చెప్పలేదు మౌలాలీ?"

"ఎవరడిగారు సాబ్?"

*

పదకొండున్నరకు మహాలక్ష్మమ్మ ఇంటి తలుపు తట్టాడు. ఆమె వాకిట్లో చాప వేసింది గాని తను కూర్చోలేదు. కొంగు నుదుటి దాకా లాక్కుని గుంజను ఆనుకుని నిలబడింది.

"మంగతాయారు గురువారం మీ ఇంటికి వచ్చిందా అమ్మా?"

"రాలేదు బాబూ."

"నిన్న ఆ శవాన్ని చూడటానికి ఎందుకు వెళ్లారు?"

"ఎవరో అనాథ అంటే జాలేసి పోయా."

"మీ చిన్నమ్మాయి కుసుమ కనబడదేం?"

"క్రోసూరు పంపించా. మా చెల్లెలింటికి."

ప్రతి జవాబూ ముందే మడిచి పెట్టుకున్న బట్టలా ఉంది. వెంకట్రామయ్య ఇంకో ప్రశ్న అడగబోతుండగా వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. నరసింహం, వెనక ఇద్దరు పోలీసులు.

"ఇంకా మర్యాదలేందండీ?" అన్నాడు. "ఆ తలకు నూనె రాసే చెయ్యే గొరిగిందన్నారు గదా, నూనె రాసేది తల్లి గాక ఇంకెవరు? ఏమే మహాలక్ష్మమ్మా, కన్నకూతుర్ని గొరిగి గుంటలోకి తోశావా? పద కచేరీకి!"

ఆమె కదల్లేదు.

"నరసింహం గారూ, ఒక్క నిమిషం నోరు మూసుకోండి" అన్నాడు వెంకట్రామయ్య. గొంతు పెంచలేదు. అందుకేనేమో ఆ మనిషి నిజంగానే ఆగాడు.

వెంకట్రామయ్య లేచి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. "అమ్మా, నేనూ ఒక తల గొరిగాను. నా భార్యది. జ్వరంలో. మంగలి రానంటే నేనే గొరిగాను. చెయ్యి వణికి చాలా చోట్ల తెగింది. ఒక్క చోట మాత్రం తెగనివ్వలేదు. పొద్దున మీ అమ్మాయి తల చూశాను. మీ చెయ్యి ఎక్కడెక్కడ తప్పుకుందో చూశాను. గొరిగినందుకు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. చంపింది మీరు కాదని నాకు తెలుసు."

మహాలక్ష్మమ్మ గుంజ వెంట జారి కింద కూలబడింది.

"నెప్పి పుడుతుందా తల్లీ అని అడిగా. నీ చెయ్యేగదమ్మా, కానియ్యి అంది."

ఆ తరవాత మాటలు వాటంతటవే వచ్చాయి. తల దువ్వుతుంటే కంతులు మొగుడి కంట పడ్డాయి. జుట్టు ఊడుతోంది, కాయలు కాస్తున్నాయి, పెద్దరోగమే అన్నాడు. కంచం వేరు చేశాడు, పశువుల కొట్టంలో పడుకోమన్నాడు. మిషన్ డాక్టరమ్మ ఇచ్చిన కాయితం చూపిస్తే, డబ్బిస్తే దొరలు ఏమైనా రాస్తారని చించి పొయ్యిలో వేశాడు. గురువారం ఆమె పుట్టింటికి నడిచి వచ్చేసింది.

"గుంటూరు పెద్దాస్పత్రికి పోయి కోయించుకుంటానంది. అవి పోయినాక మళ్లీ ఆయన దగ్గరికే పోతానమ్మా, అప్పుడేమంటాడో చూస్తా అంది, పిచ్చిముండ. వాడు స్టేషన్లో మనుషుల్ని పెట్టాడని తెలిసింది. తల గొరిగి తెల్ల చీర కడితే ఎవరూ మొహం వంక చూడరు, ఆస్పత్రిలో ఎట్టాగూ గొరుగుతారు గదా అని తనే చెప్పింది. పుస్తెలు నేనే తీశా బాబూ. పుణ్యస్త్రీ పుస్తెలు తీసి, తల మీద కత్తి పెట్టా. ఆ పాపమే దాన్ని మింగింది."

"పాపం కాదమ్మా. మనిషి" అన్నాడు వెంకట్రామయ్య. "మరి నిన్న మీ బిడ్డ కాదని ఎందుకన్నారు?"

ఆమె కొంగు తీసేసింది. నెరిసి పలచబడ్డ జుట్టులో ఐదు చోట్ల జుట్టే లేదు, ఐదు కంతులు నున్నగా తేలి ఉన్నాయి. నరసింహం ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మా అమ్మకు ఏడు. నాకు ఐదు. మా అమ్మ ఎనభై ఏళ్లు బతికింది, ఒక్క వేలు వంకర పోలేదు. అయినా ఎవరికీ చూపించుకోలా. చెప్తే మా పిల్లల్ని ఎవరు చేసుకుంటారు?" ఆమె నేల చూస్తూ చెప్పింది. "సోమవారం వాడొచ్చాడు. కుసుమను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, జుట్టు పాయ పాయా విడదీసి తల తడిమి చూసుకున్నాడు. దీనికి లేవు, ఇది నాకు పనికొస్తది, తీసుకుపోతున్నా అన్నాడు. పెద్దది ఏదిరా అంటే, నువ్వు నోరు తెరిస్తే చిన్నది కూడా అక్కడికే పోతది అన్నాడు. నిన్న గుమ్మంలో నిలబడి నా బిడ్డను చూసి, నా బిడ్డ కాదన్నా బాబూ. ఇంకో బిడ్డ వాడి ఇంట్లో ఉంది."

"కుసుమకు ఎన్నేళ్లు?"

"పదహారు. ఈ కంతులు నాకు ఇరవై నాలుగో ఏట పుట్టినయ్యి. పెద్దదానికీ అంతే."

వెంకట్రామయ్యకు నిన్న మధ్యాహ్నం కళ్ల ముందు నిలిచింది. చెన్నకేశవులు ఇంట్లో ఒక పిల్ల మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గ్లాసు అందుకున్నాక కూడా వెళ్లకుండా నిలబడింది. మా చెల్లెలు అన్నాడు చెన్నకేశవులు, కసురుకుని లోపలికి పంపాడు. మజ్జిగ బాగుందమ్మా అని మాత్రం అన్నాడు తను. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

"పదండి" అన్నాడు నరసింహంతో. "వాడు ఇంట్లో ఉండగానే పట్టుకోవాలి. మనకు తెలిసిందని వాడికింకా తెలియదు."

నరసింహం కదల్లేదు. "తొమ్మిది గంటల రైలుకు మరియదాసును మాచర్ల పంపించా. శవం నీ భార్యదే, నర్సు గుర్తుపట్టింది, గుంటూరు డిటెక్టివు విచారిస్తున్నాడు, వచ్చి శవాన్ని తీసుకుపో అని. భర్తకు చెప్పటం నా డ్యూటీ అనుకున్నా."

దూరంగా పన్నెండు గంటల బండి కూత వినబడింది. పావుగంటలో కానిస్టేబుల్ మరియదాసు చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చాడు. వాకిట్లో సర్కిల్ గారిని చూసి సెల్యూట్ కొట్టాడు.

"పదింటికే చెప్పానండీ. చొక్కా తొడుక్కుని వస్తా, కూర్చో అన్నాడు. ఎంతసేపటికీ రాకపోతే లోపలికి పోయి చూశా. పెరటి గుమ్మం తీసి ఉంది. గూడు బండి కట్టించుకుని పోయాడంట, కృష్ణ రేవుకు. బండిలో ఒక ఆడపిల్ల ఉందంట. ఏడుస్తా ఉందని పక్కింటోళ్లు చెప్పారు."

రేవు అవతలి గట్టు నైజాం. అక్కడ వెంకట్రామయ్య వారంటు చిత్తుకాగితం. నది దాటించే పుట్టి పడవ రోజుకు ఒక్కసారే దాటుతుంది, మూడింటికి. మాచర్ల నుంచి బండికి నాలుగున్నర గంటల దారి. గురజాల నుంచి జట్కాకు, గుర్రం ఎక్కడా ఆగకపోతే, రెండున్నర.

అతను గడియారం చూసుకున్నాడు. పన్నెండూ ఇరవై.

మహాలక్ష్మమ్మ అప్పటికే లేచి నిలబడింది.

"మీరు రావద్దమ్మా. అక్కడ మీ పెద్దమ్మాయి..." అని ఆగిపోయాడు. సాయంత్రానికి శవం ఎత్తెయ్యాలి. చివరిసారి తల కడగాల్సింది ఈమే.

"ఆ నర్సమ్మను కడగమను నాయనా" అంది ఆమె నరసింహంతో. "ఆమెకు అసహ్యం లేదని నా బిడ్డే చెప్పింది. పెద్దదానికి నేను చెయ్యగలిగింది ఇంకేం లేదు."

నరసింహం టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "నేనుంటానమ్మా అక్కడ" అన్నాడు. "దగ్గరుండి చేయిస్తా."

ఆమె విననట్టే గుమ్మం దాటి, మౌలాలీ చెయ్యి ఆసరా ఇవ్వకముందే జట్కా ఎక్కి కూర్చుంది. వీధిలో జనం పోగయ్యారు. ఆమె నెత్తి మీద ఐదు కంతులూ మధ్యాహ్నపు ఎండలో మెరుస్తున్నాయి. అరుగు మీద ఒకావిడ "అమ్మో, ఏందే అది!" అంటూ పిల్లను వెనక్కి లాక్కుంది.

వెంకట్రామయ్య ఆమె భుజం మీంచి జారిన కొంగు తీసి అందించబోయాడు.

"వద్దు బాబూ" అంది మహాలక్ష్మమ్మ. "ఇన్నేళ్లు దాచిపెట్టుకుని ఒకదాన్ని పోగొట్టుకున్నా. తోలమను."